వంద రింగిట్ల నోటు మీది కొండ

మీ ఇంట్లో మలేసియా వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ల దగ్గర వంద రింగిట్ల నోటు మిగిలిందేమో అడిగి చూడండి. ముందువైపు ఆ దేశపు మొదటి రాజుగారి బొమ్మ ఉంటుంది. వెనక్కి తిప్పండి. కొండ ఒకటి కనిపిస్తుంది. పేరు కినబాలు. బోర్నియో దీవిలో, సబా రాష్ట్రంలో ఉంది. ఆ రాష్ట్రం జెండా మీదా అదే, రాజధాని కోటా కినబాలు పేరులోనూ అదే. ఎత్తు 4,095 మీటర్లు.

ఈ కొండ మనకు తెలిసిన కొండల్లా పోనుపోనూ సన్నబడి ఒక్క మొన దగ్గర ఆగిపోదు. నాలుగు వేల మీటర్ల ఎత్తుకు అటూ ఇటూగా నెత్తిన పెద్ద రాతి బయలు పరుచుకుని ఉంటుంది. ఆ బయలు అంచున కొమ్ముల్లా, చెవుల్లా రకరకాల శిఖరాలు. అందులో అన్నిటికన్నా ఎత్తయినదాన్ని లోస్ పీక్ అంటారు. నేను అక్కడికి నడిచి వెళ్లొచ్చాను. ఆ కబుర్లే చెబుదామని కూర్చున్నాను. నేను ఎక్కిన సంగతి కొంచెమే. నన్ను ఎక్కించినవాళ్ల సంగతి మాత్రం తీరుబడిగా చెబుతాను, వినండి.

నాతో వచ్చింది ఈపోలో టీచరుగా పనిచేసే అమ్మాయి. కౌలాలంపూర్‌లో తెలుగువాళ్ల ఉగాది సభలో పరిచయం. వాళ్ల ముత్తాత ఉత్తరాంధ్ర పల్లె నుంచి ఓడెక్కి పెరాక్ రాష్ట్రానికి రబ్బరు తోట పనికి వెళ్లాడట. అమ్మాయి పుట్టింది అక్కడే, చదివింది మలై భాషలో. కానీ నోరు విప్పిందంటే మా విజయనగరం వైపు పల్లెల్లో మా మామ్మ మాట్లాడిన తెలుగు వినిపిస్తుంది. ఊళ్లో మనం మరిచిపోయిన మాటలు అక్కడ తోటల్లో భద్రంగా ఉన్నాయి. పెరాక్‌లో బాగన్ దాతో కొబ్బరి తోటల దగ్గరా అంతే, తెలుగు ఊళ్లే ఉన్నాయి. 1955లో ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు, అదే తర్వాత మలేసియా తెలుగు సంఘం అయింది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయంటే ఆ నేల మీద అంతమంది మనవాళ్లు ఉండబట్టే.

సరే, కొండ దగ్గరికి వద్దాం.

కినబాలు ఎక్కాలంటే అనుమతి చీటీ ఉండాలి, పైన పడుకోవడానికి ముందే చోటు ఖాయం చేసుకోవాలి, గైడు లేకుండా గేటు దాటనివ్వరు. రోజుకు రెండు వందల మంది లోపే పైకి వెళ్తారు. ఈ కట్టుబాట్లు నాకు చాలా నచ్చాయి. మన దగ్గర పేరున్న కొండల మీద ప్లాస్టిక్ సీసాల గుట్టలు చూసినవాళ్లకు ఇది ఎందుకు నచ్చిందో చెప్పనక్కర్లేదు.

నడక మొదలయ్యేది తింపోహోన్ గేటు దగ్గర. ఆ గేటే 1,866 మీటర్ల ఎత్తున ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తయిన కొండ, అల్లూరి జిల్లాలోని అరమ కొండ, 1,700 మీటర్లకు లోపే. అంటే మన రాష్ట్రపు శిఖరం కన్నా పైన నిలబెట్టి వీళ్లు మొదటి మెట్టు ఎక్కిస్తారన్నమాట. అక్కడి నుంచి లోస్ పీక్‌కి 8.7 కిలోమీటర్లు. దూరం చూస్తే కాస్తే అనిపిస్తుంది. కానీ ఆ కాస్తలో రెండు వేల రెండు వందల మీటర్లు పైకి పోవాలి.

బయల్దేరే ముందు మా సంచులు తూకం వేశారు. మోసే మనిషికి కిలోల లెక్కన కూలి. నా సంచీ మోయడానికి వచ్చినామె నా ఈడుది, యాభై దాటింది. సన్నగా, పొట్టిగా ఉంది. వెదురుతో అల్లిన బుట్టను వీపుకు తగిలించుకుని, అందులో నా సంచీ, ఇంకెవరిదో సంచీ, పైన వంటశాలకు పోయే కూరగాయల మూట సర్దుకుంది. ఆ బుట్టను వాకిడ్ అంటారట. కాళ్లకు ఖరీదైన బూట్లేమీ లేవు, నల్ల రబ్బరు జోళ్లు. నవ్వి మెట్లెక్కడం మొదలుపెట్టింది. పది నిమిషాల్లో మలుపు తిరిగి కనిపించకుండా పోయింది.

నాకు మన మన్యం డోలీలు గుర్తొచ్చాయి. రోడ్డు లేని ఊళ్ల నుంచి నిండు చూలాలిని కర్రకు కట్టిన దుప్పటిలో పడుకోబెట్టి కొండలు దిగే మనుషులు. ఆ నడకకు తూకం వేసేవాళ్లు లేరు, కూలి ఇచ్చేవాళ్లూ లేరు.

దారంతా అడవే. మెట్లు ఒకచోట చెక్కవి, ఒకచోట రాతివి, ఒకచోట చెట్ల వేళ్లే మెట్లు. కిలోమీటరుకో చిన్న పాక కట్టారు. వాటిని పొండోక్ అంటారు. కూర్చోవడానికి బల్ల, తొట్టెలో కొండనీళ్లు, మరుగుదొడ్డి. అంతకన్నా ఏం కావాలి? మా గైడు నలభై దాటినవాడు, కొండ కిందే ఊరు. కినబాలు చుట్టూ తరతరాలుగా ఉన్న దూసున్ జాతి మనిషి. తక్కువ మాటలు. ప్రతి మలుపులోనూ ఒక్కటే అనేవాడు, "పెలాన్-పెలాన్." మలై భాషలో మెల్లమెల్లగా అని. నేను గబగబా పది మెట్లెక్కి ఆయాసపడితే మా అమ్మాయి వెనక నుంచి, "ఏటక్కా, ఆగిపోనావు? పెలాన్ అన్నాడు కదేటి!" అనేది. ఒకే వాక్యంలో సముద్రానికి రెండు ఒడ్లూ ఉండేవి.

పాకల పేర్లు బాగుంటాయి. ఒకటి లోవీ, ఇంకోటి విల్లోసా. రెండూ కూజా మొక్కల పేర్లే. ఆకు చివర కూజాలాంటి తిత్తి వేలాడుతుంది. అందులో నీళ్లుంటాయి. పురుగు జారి పడితే మొక్కకు అదే భోజనం. దారి పక్కన నాచులో విల్లోసా కూజాలు ఎర్రగా, అంచు మీద దువ్వెన పళ్లతో కనిపించాయి. వీటిలో పెద్దమ్మ రాజా కూజా మొక్క. కినబాలు మీదా, పక్కనున్న తంబుయుకోన్ కొండ మీదా తప్ప లోకంలో మరెక్కడా సహజంగా పెరగదు. దాని తిత్తిలో మూడు లీటర్ల నీళ్లు పట్టేవి కూడా ఉంటాయి. మూతకింద తీపి ఊరుతుంది. అది నాకడానికి ఉడుతలాంటి చిన్న జంతువు కూజా అంచు మీద కూర్చుంటుంది. నాకుతూ నాకుతూ లోపలే మలవిసర్జన చేసి పోతుంది. మొక్కకు అదే ఎరువు! ఈ ఒప్పందం సంగతి శాస్త్రజ్ఞులు పసిగట్టి ఇంకా ఇరవై ఏళ్లు కాలేదు. ఆ కొండ మీది మట్టి నిస్సారమైనది. మట్టి ఇవ్వనిదాన్ని ఆ మొక్కలు ఇలా తెచ్చుకుంటున్నాయి.

లోవీ పాక దగ్గర కూర్చున్నప్పుడు మా అమ్మాయి అడిగింది, "ఈ లో ఎవరక్కా? శిఖరానికీ అదే పేరు, మొక్కకీ అదే పేరు."

హ్యూ లో. ఇంగ్లిషువాడు, లాబువాన్ దీవిలో సర్కారు ఉద్యోగి, మొక్కలంటే ప్రాణం పెట్టేవాడు. 1851లో తీరం నుంచి నడిచి వచ్చి ఈ కొండెక్కాడు. రాతల్లోకి ఎక్కిన మొదటి ఆరోహణ అదే. కొండకింద కియావ్ అనే ఊరి పెద్ద లెమైంగ్ అతనికి దారి చూపించాడు. లో పైనున్న రాతి బయలు దాకా వెళ్లాడు, గుర్తుగా ఒక సీసా పెట్టి వచ్చాడు. అసలు శిఖరం మాత్రం ఎక్కలేదు. రెక్కలున్నవాటికి తప్ప అది సాధ్యం కాదని తేల్చాడు. 1858లో స్నేహితుడు స్పెన్సర్ సెయింట్ జాన్‌తో మళ్లీ వచ్చాడు, అప్పుడూ ఎక్కలేదు. ఆ చివరి శిఖరం మీద నిలబడినట్టు రాతల్లో ఉన్నది 1888లో, పక్షులను సేకరించే జాన్ వైట్‌హెడ్. అయినా శిఖరానికి లో పేరే ఉండిపోయింది.

నేను ఇంతవరకు చెప్పి ఊరుకుంటే మా అమ్మాయి అందుకుంది. "ఆగక్కా, పెరాక్‌లో రెసిడెంటు దొరగా ఉన్నది ఈ లోనే కదా? మా బడి పుస్తకంలో ఉంది."

ఆ లోనే. 1877లో పెరాక్‌కి రెసిడెంటుగా వచ్చాడు. ఆ ఏడే క్వాలా కాంగ్సార్‌లో తన బంగళా తోటలో రబ్బరు మొలకలు నాటించాడు. బ్రెజిల్ అడవి విత్తనాలు లండన్ క్యూ తోటలో మొలిచి, సింహళం, సింగపూర్ మీదుగా ప్రయాణం చేసి వచ్చిన మొక్కలే అవి. మలయాలో నాటిన మొట్టమొదటి రబ్బరు చెట్లలో అవి ఉన్నాయి. వాటిలో ఒకటి ఇప్పటికీ ఆ ఊళ్లో నిలిచి ఉంది. తర్వాత రబ్బరు చెట్టే మలయా అంతటా తోటలైంది. ఆ తోటలకు పాలు గీసే చేతులు కావాల్సి వచ్చాయి. మన సముద్రానికి ఇవతల ఒడ్డున కరువుల్లో ఉన్న చేతులు ఓడెక్కాయి.

మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా ముత్తాత తెల్లారగట్ల లేచి దీపం పెట్టుకుని చెట్టు చెట్టుకీ తిరిగేవాడట. ఎండెక్కితే పాలు గడ్డకట్టీస్తాయని" అంది. ఇక లేచి నడిచాం.

మూడు వేల మీటర్లు దాటేసరికి చెట్లు కురచబడతాయి. మేఘం కిందికి పోతుంది. ఆరో కిలోమీటరు దగ్గర, 3,272 మీటర్ల ఎత్తున లాబన్ రాతా వసతి. ఆ ప్రాంతాన్ని పనలబన్ అంటారు. బలి ఇచ్చే చోటు అని అర్థం. పూర్వం దూసున్ మార్గదర్శులు అక్కడ ఆగి, పైనున్న పితృదేవతలకు కోళ్లు కోసి, గుడ్లు పెట్టి, శాంతి చేసి గాని ముందుకు అడుగు వేసేవాళ్లు కాదు. చనిపోయినవాళ్ల ఆత్మలు ఈ కొండ మీదికే చేరతాయని వాళ్ల నమ్మకం. కినబాలు అనే పేరు అకి నబాలు నుంచి, అంటే పెద్దల చోటు అన్న మాట నుంచి వచ్చిందని చెబుతారు. కొండదేవరకు మొక్కకుండా మన మన్యంలోనూ ఎవరూ గొడ్డలి ఎత్తరు. మోకాళ్ల పర్వతం మెట్టుకు పసుపు రాసి బొట్టు పెట్టి ఎక్కే జాతి మనది. ఈ ఆచారం నాకు వింతగా తోచలేదు, చుట్టరికంగా తోచింది.

మా మోత మనిషి అప్పటికే కిందికి దిగి వెళ్తూ ఎదురైంది. మేం ఒకసారి ఎక్కేలోగా ఆమె ఎక్కి, బరువు దించి, మరుసటి బరువు కోసం దిగుతోంది. పేరు అడిగాను, చెప్పింది. ఇక్కడ రాయను, ఆమెను అడగలేదు కదా.

రాత్రి ఏడింటికే పడుకున్నాం. ఒంటిగంటన్నరకు లేపారు. నుదుటికి దీపం కట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని రెండున్నరకు బయల్దేరాం. చీకట్లో ముందువాళ్ల దీపాలు గొలుసులా పైకి పాకుతున్నాయి. మా అమ్మాయి తన నుదుటి దీపం సర్దుకుంటూ, "మా ముత్తాతలాగే ఉన్నాను కదక్కా" అంది. అంతే అంది. ఆ మాట నాకు కొండ దిగేదాకా వదల్లేదు.

చెక్కమెట్లు అయిపోయాక నున్నటి రాయి మొదలవుతుంది. తెల్లటి మోకు పరిచి ఉంటుంది. నిటారుగా ఉన్నచోట దాన్ని పట్టుకుని ఎక్కాలి. 3,668 మీటర్ల దగ్గర సయత్-సయత్ తనిఖీ. మెడలో చీటీ చూసి పేరు రాసుకుంటారు. వేళ మించితే అక్కడి నుంచే వెనక్కి పంపేస్తారు. వాన పడితే ఆ రాతి మీద నీళ్లు కాలువలై పారతాయి, అప్పుడు ఎవరినీ పోనివ్వరు. డబ్బు కట్టి దేశాలు దాటి వచ్చామని వాదించేవాళ్లను చూశాను. గైడు మాట వినాలి. ఆ కొండ గురించి వాళ్లకు తెలిసింది మనకు తెలియదు.

ఆ తర్వాత వస్తుంది బయలు. దీన్ని ఎలా చెప్పను? చీకటి పలచబడుతుంటే కాళ్లకింద నేలంతా ఒకటే బండ అని తెలిసింది. మట్టి లేదు, చెట్టు లేదు. పగుళ్లలో అక్కడక్కడ గడ్డి పరకలు. గ్రానైటు రాయి. హైదరాబాదు చుట్టూ మనం చూసే బండలూ గ్రానైటే, కాని వాటి వయసు రెండు వందల యాభై కోట్ల ఏళ్లు. కినబాలు వయసు డెబ్భై ఎనభై లక్షల ఏళ్లే, వాటి ముందు పసిబిడ్డ. భూమి లోపల కరిగి, పైకి పొంగి, గడ్డకట్టి, మీది పొరలు కొట్టుకుపోగా బయటపడిన రాయి. మంచుయుగంలో ఈ నెత్తి మీద మంచుగడ్డ కదలాడింది, అది చిత్రిక పట్టినట్టు రాయిని నున్నగా చేసింది. భూమధ్యరేఖకు ఆరు డిగ్రీల దూరంలో, కింద అరటి చెట్లున్న చోట, ఒకప్పుడు హిమనదం! రాతి మీద గీతలు ఉన్నాయి చూడమని గైడు దీపం పక్కకు వాల్చి చూపించాడు.

నాలుగు వేల మీటర్లకు గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో పదింట ఆరు పాళ్లే. నాకు తల దిమ్మెక్కింది. ఇరవై అడుగులు, ఆగడం. ఇరవై అడుగులు, ఆగడం. గైడు నా చేతిసంచీ అడక్కుండానే తీసుకుని తన భుజాన వేసుకున్నాడు.

ఒకచోట ఆగి అతను కుడిపక్కకు చూపించాడు. డాంకీస్ ఇయర్స్ అనే జంట మొనలు, గాడిద చెవుల్లా ఉంటాయని ఆ పేరు. "అక్కడ ఇంకాస్త ఉండేది" అన్నాడు. 2015 జూన్ 5 పొద్దున్న ఏడుంబావుకు భూమి కదిలింది. తీవ్రత 6.0. ఒక చెవి విరిగిపడింది. కొండ మీద ఉన్న పద్దెనిమిది మంది పోయారు. సింగపూర్ నుంచి వచ్చిన ప్రాథమిక పాఠశాల పిల్లలు వాళ్లలో ఉన్నారు. పిల్లలను కాపాడబోయిన గైడ్లు ఉన్నారు. ఆ రోజు దారి తెగిపోయి నూటికి పైగా మనుషులు పైన చిక్కుకున్నారు. హెలికాప్టర్లు మేఘంలో దిగలేకపోతే, రాళ్లు ఇంకా దొర్లుతుండగానే గైడ్లు వాళ్లను కొత్తదారి వెతికి నడిపించి దించారు. గాయపడినవాళ్లను వీపుల మీద మోశారు. శిఖరం దాకా దారి మళ్లీ తెరిచింది ఆ ఏడాది డిసెంబరులో. మా గైడు ఇవన్నీ చెప్పలేదు. ఆ ఒక్క మాటే అని ముందుకు నడిచాడు.

లోస్ పీక్ చివరి వంద అడుగులు రాళ్ల గుట్ట. చేతులతో పాకి ఎక్కాం. ఆరు గంటలకు తూర్పు ఎర్రబడింది. కొండ నీడ పడమటివైపు మేఘాల మీద ముక్కోణంలా పడి, సముద్రం దాకా సాగింది. అవతలి అంచున లోస్ గల్లీ, 1,800 మీటర్ల లోతు లోయ. తొంగి చూస్తే కడుపులో చెయ్యి పెట్టినట్టయింది. 1994లో బ్రిటిష్ సైనికులు కొందరు దానిలోకి దిగి, రోజుల తరబడి అక్కడే చిక్కుబడి చావుతప్పి బయటపడ్డారు.

పేరు రాసిన పలక దగ్గర అందరూ ఫొటోలు దిగుతున్నారు. మా అమ్మాయి ఆ పలక పక్కన నిలబడలేదు. గైడును పిలిచి అతని పక్కన నిలబడి తీయించుకుంది. "లో దొర ఇక్కడికి రాలేదు, మనం వచ్చాం" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు, ఉన్నమాటే. లెమైంగ్ పేరుతో ఈ బయలులో శిఖరం ఉంటే బాగుండునని నాకు అనిపించింది. శిఖరాల పేర్లు చూస్తే విక్టోరియా, ఎడ్వర్డ్, అలెగ్జాండ్రా. పాత గైడు గుంటింగ్ లగడన్ పేరు మాత్రం పనలబన్‌లో ఒక వసతికి పెట్టారు. అది సరైన పని. ఇంకొన్ని పేర్లకూ చోటుంది ఆ కొండ మీద.

ఎక్కడం ఒక ఎత్తయితే దిగడం ఇంకో ఎత్తు. ఆ రోజే మొత్తం దిగాలి. మోకాళ్లు వణికాయి. ఏడో కిలోమీటరు రాయి దాటేసరికి మెట్టు మెట్టుకీ పక్కకు తిరిగి దిగాను. మధ్యాహ్నం మూడుకు తింపోహోన్ గేటు దగ్గర కూలబడ్డాను. అక్కడ మా మోత మనిషి రెండో విడత సంచులు సర్దుకుంటోంది. నన్ను చూసి చేత్తో పైకి చూపించి, ఎక్కావా అన్నట్టు కనుబొమలెగరేసింది. ఎక్కానని తలూపాను.

మీలో ఎవరైనా కినబాలు వెళ్తే ఆరు నెలల ముందే చోటు ఖాయం చేసుకోండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వానలు కాస్త తక్కువ. చేతి తొడుగులు, దీపానికి రెండో బ్యాటరీ, వానకోటు మరవకండి. కింద సంచీ తూకం వేస్తున్నప్పుడు దూరంగా ఫోను చూస్తూ కూర్చోకుండా త్రాసు పక్కన నిలబడండి. రెండో జత జోళ్లు, మూడో చొక్కా, పెద్ద షాంపూ సీసా, అక్కర్లేనివన్నీ అక్కడే తీసి గదిలో పెట్టేయండి. నా సంచీ ఆ రోజు తొమ్మిది కిలోలు తూగింది. అందులో నాలుగు కిలోలు పైన నేను విప్పనే లేదు.